ఇంట్లో చూసుకునే మనిషి ఖర్చుకు ప్రభుత్వ సాయం: ఏ వైకల్యాలకు, ఏ దారిలో?

సుజాత, హన్మకొండ — ఆదివారం ఉదయం 6:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. కండరాల క్షీణత, డాక్టర్లు మస్కులర్ డిస్ట్రఫీ అంటారు. పదమూడేళ్ల వయసు వరకు గోడ పట్టుకుని నడిచాడు. ఇప్పుడు మెడ, మాట, కుడిచేతి రెండు వేళ్లు మాత్రమే అతని మాట వింటున్నాయి. యూడీఐడీ కార్డు, అంటే వైకల్య గుర్తింపు కార్డు, నీలం రంగుది, 85 శాతం. నెలకు 4,016 రూపాయల పింఛను వస్తోంది.

అమ్మకు యాభై ఎనిమిదేళ్లు. పోయిన నెల తమ్ముడిని మంచం మీది నుంచి కుర్చీలోకి మారుస్తుండగా నడుము పట్టేసి అక్కడే కూలబడిపోయింది. అరగంట ఇద్దరూ అలాగే ఉన్నారు, ఒకరు నేల మీద, ఒకరు మంచం అంచున. నేను బడి నుంచి వచ్చేదాకా పక్కింటివాళ్లకు కూడా తెలియలేదు. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

ఒక ఆయాను మాట్లాడితే పగటిపూటకే నెలకు పన్నెండు వేలు అడిగింది. నేను ప్రైవేటు బడిలో టీచర్ని, నా జీతమే పద్దెనిమిది వేలు. ఒక కార్యాలయానికి వెళ్లి అడిగితే "పింఛను వస్తోంది కదమ్మా, ఇంకేం కావాలి" అన్నారు. ఇంట్లో సాయం చేసే మనిషి కోసం ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా? ఇస్తే ఏ వైకల్యాలకు? తెలిసినవారు చెప్పండి.

కాజీపేట పెద్దాయన — ఆదివారం ఉదయం 8:15

అమ్మా సుజాతా, ముప్పై ఏళ్లు దస్త్రాల మధ్య పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. నాకు తెలిసినంత వివరంగా చెబుతాను, ఓపికగా చదువు.

1995 నాటి వికలాంగుల చట్టంలో వైకల్యాలు ఏడే ఉండేవి. 2016 చట్టం వాటిని 21కి పెంచింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. చూపు, వినికిడి, కాళ్లుచేతుల వైకల్యాలు, కుష్ఠు నయమైనవారు, మేధోవైకల్యం, మానసిక రుగ్మత ముందు నుంచే ఉన్నాయి. కొత్త చట్టంలో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడంతో వచ్చే కదలికల ఇబ్బంది), మరుగుజ్జుతనం, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, యాసిడ్ దాడి బాధితులు, మాటకు సంబంధించిన వైకల్యాలు, నేర్చుకోవడంలో ఇబ్బందులు కూడా తమ పేరుతోనే చోటు సంపాదించుకున్నాయి. మీ తమ్ముడి కండరాల క్షీణతకు కూడా అందులో విడిగా పేరుంది. కాబట్టి "ఈ జబ్బు వైకల్యం కిందికి రాదు" అని ఎవరైనా అంటే నమ్మకు.

ఇక నీ అసలు ప్రశ్న. పింఛనుకు 40 శాతం ధ్రువపత్రం, ఆదాయ పరిమితి చూస్తారు. పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. వయసు నిబంధన లేదు, పసిబిడ్డకైనా వస్తుంది. 2014 నవంబరులో మన రాష్ట్రంలో ఆసరా పింఛన్లు మొదలైనప్పుడు వికలాంగులకు 1,500 ఉండేది, 2019లో 3,016 అయింది, 2023లో 4,016 చేశారు. ఈ సొమ్ము వైకల్యం ఉన్న మనిషి బతకడానికి. అతన్ని లేపి కూర్చోబెట్టే మనిషి కూలి ఇందులో లెక్కగట్టలేదు. నీకు ఆ కార్యాలయంలో జవాబు చెప్పినవారు ఈ రెండింటినీ కలిపేశారు.

2016 చట్టం మాత్రం వీటిని విడివిడిగానే చూసింది. 24వ సెక్షన్‌లో సామాజిక భద్రత గురించి చెబుతూ, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం అనే మాట స్పష్టంగా రాశారు. ప్రభుత్వం తన ఆర్థిక స్తోమతను బట్టి పథకాలు పెట్టాలన్న షరతు కూడా అక్కడే ఉంది. 38వ సెక్షన్ ప్రకారం, 40 శాతం, అంతకు పైన ఉన్న ఎవరైనా "నాకు ఎక్కువ సాయం కావాలి" అని దరఖాస్తు చేసుకోవచ్చు. అతని తరఫున ఇంటివాళ్లయినా, ఒక సంస్థ అయినా చేయవచ్చు. దాన్ని మదింపు బోర్డుకు పంపాలి, బోర్డు ఇచ్చిన నివేదికను బట్టి సాయం అందే ఏర్పాట్లు చేయాలి. ఆ బోర్డు ఏమేం చూడాలో 2019 మార్చిలో కేంద్రం సవరించిన నిబంధనల్లో ఉంది. ఈ సెక్షన్ పేరెత్తి దరఖాస్తు పెట్టినవారిని నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు. అడగనివాళ్లకు ఎవరూ వచ్చి చెప్పరమ్మా, అదే నా బాధ.

నర్సంపేట అమ్మ — ఆదివారం ఉదయం 9:02

సుజాత గారూ, మీ అమ్మగారికి ఇప్పుడు ఎలా ఉంది? ముందు ఆమెకు ఎక్స్‌రే తీయించండి.

మా పాపకు తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. పుట్టినప్పుడు ఏడవలేదు. నేను పత్తి చేలలో కూలికి వెళ్లేదాన్ని, పాప వచ్చాక అది మానేశాను. అంటే మా ఇంట్లో ఒక కూలి ఆగిపోయింది. దాన్ని ఎవరూ ఖర్చు కింద రాయరు.

మాకు బాగా ఉపయోగపడింది నిరామయ. నేషనల్ ట్రస్ట్ వారి ఆరోగ్య బీమా, ఏడాదికి లక్ష రూపాయల వరకు. చేర్చుకునే ముందు వైద్య పరీక్షలేమీ అడగరు. ఆసుపత్రిలో పడుకోకపోయినా ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ బిల్లులకు కూడా కొంత వస్తుంది. ముందు మనం కట్టి, తరువాత బిల్లులు పంపాలి. ఒక్క కాగితం తగ్గినా వెనక్కి వస్తుంది. మొదటి ఏడాది థెరపీ చీటీ మీద డాక్టరు సంతకం లేదని నావి తిప్పి పంపారు. ఇప్పుడు ప్రతి చీటీ అక్కడికక్కడే చూసుకుని ఒక సంచిలో వేస్తాను.

సుజాత, హన్మకొండ — ఆదివారం ఉదయం 9:20

అమ్మకు ఎముక విరగలేదట, కండరం పట్టేసిందట. బరువు ఎత్తవద్దన్నారు. ఇంట్లో ఉన్న బరువు తమ్ముడే కదా.

నిరామయ మాకూ వస్తుందా అక్కా?

కాజీపేట పెద్దాయన — ఆదివారం ఉదయం 9:41

రాదమ్మా. ఇక్కడే చాలామంది పొరబడతారు. నేషనల్ ట్రస్ట్ 1999 చట్టంతో వచ్చింది. అందులో ఉన్నవి నాలుగే: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం. 2016 చట్టంలోని 21 దానికి వర్తించవు. కండరాల క్షీణత ఒక్కటే ఉంటే నిరామయ అందదు. పార్కిన్సన్స్‌కూ అంతే.

ఆ నాలుగు రకాల పిల్లలున్న తల్లిదండ్రులకు ఇంకో మాట. పిల్లవాడికి పద్దెనిమిది నిండగానే చట్టం దృష్టిలో మీరు సహజ సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా, ఆస్తి విషయాలకు కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షకత్వ పత్రం తీసుకోవాలి. ఖాతా ఆగిపోయినప్పుడు పరుగెత్తకుండా ముందే చేసుకోండి.

మంచిర్యాల నుంచి — ఆదివారం ఉదయం 11:30

మా నాన్న బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యారు. మూడేళ్ల క్రితం పక్షవాతం వచ్చింది, ఎడమ పక్క పడిపోయింది. పక్షవాతం అనే పేరు ఆ 21లో లేదని క్యాంపులో ఎవరో చెబితే వెనక్కి వచ్చేశాం. నిజంగా రాదా?

ఫిజియో, కరీంనగర్ — ఆదివారం మధ్యాహ్నం 12:10

వస్తుంది. పక్షవాతం జబ్బు పేరు. దానివల్ల చెయ్యి, కాలు పనిచేయకపోవడం చలన వైకల్యం. కాళ్లుచేతుల శక్తి, పట్టు, నడక చూసి శాతం వేస్తారు. పక్షవాతం వచ్చిన మొదటి నెలల్లో కొంత కోలుకునే అవకాశం ఉంటుంది కాబట్టి అప్పుడు ఆగమంటారు. మీకు మూడేళ్లయింది, ఆలస్యం చేయకండి. ఇదివరకు వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరెం క్యాంపుకు మీసేవలో స్లాట్ తీసుకునేవారు. ఇప్పుడు యూడీఐడీ పోర్టల్‌లోనే దరఖాస్తు, మీసేవలో అడిగితే చేసి పెడతారు. స్కాన్ కాగితాలు, డిశ్చార్జి చీటీ తీసుకెళ్లండి. కార్డు రంగు కూడా చెబుతాను, చాలామంది అడుగుతారు: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 నుంచి నీలం.

ఇంకో దారి ఉంది, దానికి ఏ ధ్రువపత్రమూ అక్కరలేదు. మంచాన పడ్డవారి కోసం రాష్ట్రంలో ఆలన పేరుతో ఉపశమన సంరక్షణ బృందాలు వాహనంలో ఇళ్లకు వస్తాయి. పుండ్లకు కట్లు మార్చడం, మూత్రం గొట్టం మార్చడం, నొప్పి మందులు, ఇంటివాళ్లకు నేర్పించడం వాళ్ల పని. క్యాన్సర్ రోగులకే అని చాలామంది అనుకుంటారు. పక్షవాతంతో మంచాన ఉన్నవారిని కూడా చూస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో పేరు రాయించండి. వాళ్లు రోజూ వచ్చి స్నానం చేయించరు, అది వేరే. కానీ పుండు ముదరకుండా చూసే ఒక్క మనిషి వచ్చినా ఇంటి భారం ఎంత తగ్గుతుందో నేను కళ్లారా చూశాను.

ఉట్నూరు నుంచి — ఆదివారం సాయంత్రం 5:45

మా అమ్మాయికి సికిల్ సెల్. మా ఏజెన్సీలో ఇది చాలా ఇళ్లలో ఉంది. 21లో చేర్చారని తెలిసి సంతోషించాం. కానీ పరీక్షకు వెళ్లిన రోజు పిల్ల బాగుంటే, "బాగానే ఉందిగా" అంటారు. నొప్పి వచ్చిన రోజు చూడాలి. చలి తగిలినా, ఒంట్లో నీళ్లు తగ్గినా కాళ్లు, నడుము, ఛాతీ పట్టుకుని అరుస్తుంది. నాలుగైదు రోజులు ఎత్తుకునే తిప్పాలి. ఆ రోజుల్లో ఇంట్లో ఇద్దరం పనికి పోలేం. మిగతా రోజుల్లో బడికి పోతుంది, ఆడుకుంటుంది. ఇలాంటి దానికి శాతం ఎలా కడతారు?

కాజీపేట పెద్దాయన — ఆదివారం సాయంత్రం 6:20

మంచి ప్రశ్న వేశారు. శాతం కొలిచే మార్గదర్శకాలను 2018లో ప్రకటించి, 2024 మార్చిలో సవరించారు. రక్త సంబంధ వ్యాధుల్లో ఆ ఒక్క రోజు పరిస్థితి చాలదు. ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరింది, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారు, ఏ అవయవం దెబ్బతింది అన్నదానికి కాగితాలే సాక్ష్యం. ప్రతి నొప్పికీ, ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో మందు తీసుకున్నా సరే, చీటీ మీద తేదీ వేయించండి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు, దాన్ని కూడా జత చేయండి.

భవిత టీచర్, జనగామ — ఆదివారం రాత్రి 8:05

బడి వయసు పిల్లల గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకంలో, వైకల్యం ఉన్న పిల్లలకు మండలానికి భవిత కేంద్రం ఉంటుంది. కేంద్రానికి రాలేనంత తీవ్ర వైకల్యం ఉన్న పిల్లల ఇంటికి మేమే వెళ్తాం. పిల్లవాడి పేరు బడి రిజిస్టరులోనే ఉంటుంది, చదువు ఇంట్లో సాగుతుంది. పలకా బలపం మాత్రమే కాదు, చెంచా పట్టుకోవడం, చొక్కా గుండీలు, బాత్రూముకు వెళ్లాలని సైగ చేయడం కూడా మా పాఠాలే. కేంద్రానికి తీసుకొచ్చే తల్లికి ప్రయాణ భత్యం, తోడు వచ్చినందుకు భత్యం ఉన్నాయి.

నేను వెళ్లే ఒక ఇంట్లో పన్నెండేళ్ల బాబు మొదటిసారి తనే గ్లాసు ఎత్తి నీళ్లు తాగాడు. ఆ తల్లి లోపలికి వెళ్లిపోయింది, చాలాసేపు బయటికి రాలేదు. వారానికి ఒక్కసారి వెళ్తే చాలదు, నాకు తెలుసు. నా పరిధిలో ఊళ్లు చాలా ఉన్నాయి.

నర్సంపేట అమ్మ — ఆదివారం రాత్రి 8:30

టీచర్ గారూ, మా మండలం టీచరమ్మ కూడా అలాగే వస్తారు. ఆమె వచ్చే రోజు పాపకు తెలిసిపోతుంది, ఉదయం నుంచే గుమ్మం వైపు చూస్తుంది.

పరకాల యువకుడు — ఆదివారం రాత్రి 9:15

ఒక విషయం సూటిగా అడుగుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత బాధితులకు, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి నెలకు 15,000 ఇస్తున్నారు. సాధారణ వికలాంగుల పింఛను 6,000. సుజాత గారి తమ్ముడు కృష్ణా అవతల పుట్టి ఉంటే ఆయా జీతం వచ్చేది. ఒకే జబ్బు, ఒకే భాష, ఇంత తేడా ఎందుకు? మనమందరం కలిసి అదే అడగాలి.

కాజీపేట పెద్దాయన — ఆదివారం రాత్రి 9:40

అడగాల్సిందే. కానీ నాకొక అభ్యంతరం ఉంది బాబూ. అక్కడ తీవ్రతను జబ్బు పేరుతో విడగొట్టారు. జాబితాలో ఉన్న జబ్బుకు ఒక మొత్తం, అంతే సాయం అవసరమైనా జాబితాలో లేని జబ్బుకు ఇంకో మొత్తం. తీవ్ర ఆటిజం ఉన్న పాతికేళ్ల కొడుకును ఒక్క నిమిషం వదిలిపెట్టలేని తల్లిని నేను ఎరుగుదును. అతను నడుస్తాడు, పరుగెత్తుతాడు, మంచం పట్టలేదు. ఆమెకు తోడు అక్కరలేదా? కేరళలో ఆశ్వాసకిరణం అని ఉంది. నెలకు 600 రూపాయలే, చాలా తక్కువ. కానీ ఆ డబ్బు చూసుకునే మనిషి పేరు మీద ఇస్తారు. ఆ పద్ధతి నాకు సరైనదిగా కనిపిస్తుంది, మొత్తం మాత్రం ఆంధ్రలా ఉండాలి.

పరకాల యువకుడు — ఆదివారం రాత్రి 9:52

చూసుకునే మనిషి పేరు మీద ఇస్తే, రేపు ఆ మనిషి సరిగా చూడకపోతే? డబ్బు వికలాంగుడి చేతిలోనే ఉండాలి. తనకు నచ్చిన మనిషిని తనే పెట్టుకుంటాడు.

భీమదేవరపల్లి నుంచి — ఆదివారం రాత్రి 10:30

ఉదయం నుంచి అన్నీ చదివాను. నేను గీత కార్మికుడిని. ఎనిమిదేళ్ల క్రితం తాటిచెట్టు మీది నుంచి పడి వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. ఇక్కడ రాసినవారిలో సాయం చేసేవాళ్లే ఎక్కువ, సాయం తీసుకునేవాణ్ని నేనొక్కడినే అనుకుంటాను.

సుజాత అక్కా, నీ తమ్ముడు ఏమంటున్నాడు? నీ మాటల్లో అమ్మ నడుము ఉంది, నీ జీతం ఉంది, ఆయా జీతం ఉంది. అతను పగలంతా ఏం చేస్తాడు, ఎవరి చేత స్నానం చేయించుకోవడం అతనికి ఇష్టం, ఏ పని కోసం మనిషి కావాలి అన్నది లేదు. తప్పు పట్టడం లేదు. మొదటి రెండేళ్లు మా ఇంట్లో కూడా నా గురించి నా ముందే, నేను లేనట్టే మాట్లాడుకునేవారు.

ఆ రోజుల్లో నా భార్య ఇరవై నాలుగు గంటలూ నా పక్కనే ఉండేది. ఇద్దరం విసిగిపోయాం. ఒక రోజు కూర్చుని లెక్క రాశాం. పొద్దున మలవిసర్జన, స్నానం, కుర్చీలోకి మార్చడం గంటన్నర. మధ్యాహ్నం పావుగంట. రాత్రి పడుకోబెట్టి కాళ్లు సర్దడం ముప్పావు గంట. మొత్తం రెండున్నర గంటలు. మిగతా సమయం నేను కిరాణా దుకాణంలో కూర్చుంటాను, ఆమె బయట పనికి వెళ్తుంది. మా అన్న కొడుకు పొద్దున గంట వస్తాడు, వాడికి నెలకు ఇంత అని నా పింఛనులోంచి నేనే ఇస్తాను. నా చేత్తో ఇస్తాను కాబట్టి, నీళ్లు చల్లగా ఉన్నాయని చెప్పే ధైర్యం నాకుంది.

పెద్దాయన చెప్పిన దరఖాస్తులో "మనిషి కావాలి" అని మాత్రమే రాస్తే చాలదు. ఎన్ని గంటలు, దేనికి అన్నది రాయండి. అది అతను చెప్పాలి.

సుజాత, హన్మకొండ — ఆదివారం రాత్రి 11:50

అన్నా, మీ మాటలు తమ్ముడికి చదివి వినిపించాను. చాలాసేపు పైకప్పు వైపు చూశాడు. తరువాత, "స్నానానికి మగమనిషి కావాలని ఐదేళ్ల నుంచి అనుకుంటున్నాను, అమ్మ బాధపడుతుందని చెప్పలేదు" అన్నాడు. నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

ఫిజియో, కరీంనగర్ — సోమవారం ఉదయం 7:10

సాయం మంజూరయ్యేలోపు అమ్మగారి నడుము నిలబడాలి. మంచం, కుర్చీ ఒకే ఎత్తులో ఉండేలా మంచం కోళ్ల కింద దిమ్మలు పెట్టండి. తమ్ముడి కింద జారే గుడ్డ పరిచి, ఎత్తకుండా పక్కకు జరపండి. చంకల కింద చేతులు వేసి లాగవద్దు, కండరం లేని భుజం కీలు తప్పుతుంది. రాత్రి రెండు గంటలకోసారి పక్క మార్చాలి, పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఉంచాలి. బలం వస్తుందని ఎవరైనా బరువు వ్యాయామాలు చెబితే వినకండి, ఈ జబ్బులో అలసట నష్టమే చేస్తుంది.

చక్రాల కుర్చీకి కేంద్రం ఇచ్చే ఏడిప్ పథకంలో దరఖాస్తు చేయండి, నెల ఆదాయం 22,500 లోపు ఉంటే ఉచితం. ఇంకొకటి చాలా ముఖ్యం. ఉదయం లేవగానే తలనొప్పి, పగలు మగత ఉన్నాయా? ఉంటే రాత్రి శ్వాస సరిపోవడం లేదని అర్థం కావచ్చు. ఊపిరితిత్తుల డాక్టరుకు వెంటనే చూపించండి. గుండె పరీక్ష కూడా ఏడాదికోసారి చేయించండి.

సుజాత, హన్మకొండ — తరువాతి ఆదివారం రాత్రి 8:00

వారం రోజులుగా ఇక్కడికి రాలేకపోయాను. తమ్ముడు చెబుతుంటే నేను లెక్క రాశాను. రెండో రోజు నుంచి ఫోనులో మాటతో తనే రాయించుకున్నాడు. ఏడు రోజుల సగటు రోజుకు ఆరు గంటల నలభై నిమిషాలు. అందులో రాత్రి పక్క మార్చడమే గంటకు పైగా ఉంది, అమ్మ నాలుగుసార్లు లేస్తోంది. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి ఆ సంగతి నాకు తెలియదు.

తలనొప్పి ఉందట. అడిగితేనే చెప్పాడు. గురువారం డాక్టరుకు చూపించాం, రాత్రి ఆక్సిజన్ పరీక్షకు రాశారు. ఫిజియో గారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

దరఖాస్తు తయారైంది. 38వ సెక్షన్ కింద మదింపు కోరుతూ ఒకటి, 24వ సెక్షన్‌లోని సంరక్షకుల భత్యం గురించి ఇంకొకటి. రెండింటిలోనూ దరఖాస్తుదారు పేరు తమ్ముడిదే. బొటనవేలి ముద్ర వేయిస్తాం అంటే ఒప్పుకోలేదు. రెండు వేళ్ల మధ్య పెన్ను ఇరికించుకుని పదినిమిషాలు తీసుకుని సంతకం చేశాడు. రేపు సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇస్తున్నాను.

కాజీపేట పెద్దాయన — ఆదివారం రాత్రి 8:25

గంటల లెక్కను దరఖాస్తుకు అనుబంధంగా పెట్టు. కార్డు నకలు, డాక్టరు చీటీలు, అమ్మ నడుము రిపోర్టు కూడా. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ, నంబరుతో రసీదు వేయించుకో. ముప్పై రోజులు చూద్దాం. జవాబు రాకపోతే ఆ నంబరుతో సమాచార హక్కు కింద ఏం చర్య తీసుకున్నారని అడుగుదాం, ఆ కాగితం నేను రాసిస్తాను.

నర్సంపేట అమ్మ — ఆదివారం రాత్రి 8:40

సుజాత గారూ, మా పాప లెక్క నేనూ రాశాను, తొమ్మిది గంటలు. మీ దరఖాస్తు నమూనా ఇక్కడ పెట్టండి. పాపను మా అత్తమ్మ దగ్గర ఉంచి రేపు ఏడు గంటల బస్సుకు వస్తాను, వరుసలో పక్కన నిలబడతాను.

భీమదేవరపల్లి నుంచి — ఆదివారం రాత్రి 9:05

నేనూ వస్తాను. మెట్ల దగ్గర ఇద్దరు పట్టుకుంటే చాలు.

పరకాల యువకుడు — ఆదివారం రాత్రి 9:08

పట్టుకోవడానికి నేను, మా తమ్ముడు వస్తాం అన్నా. ఎన్ని గంటలకు?

భీమదేవరపల్లి నుంచి — ఆదివారం రాత్రి 9:10

తొమ్మిదిన్నరకు, గేటు దగ్గర. కుర్చీని ముందు నుంచి ఎత్తవద్దు, వెనక పిడులు పట్టుకోవాలి. అక్కడ చూపిస్తాను.